దుమ్ము రోడ్డు మీద కాదు, మన దిండులో ఉంది

ఈరోజు ఎపిసోడ్ మా అమ్మ తుమ్ముల గురించి. నవ్వకండి, సీరియస్ మ్యాటరే.

2021 నవంబర్‌లో తిరుపతిలో వచ్చిన వరద మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పుడు నేను వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఇంట్లోనే ఉన్నా. కింద గదుల్లోకి నీళ్లొచ్చి దూది పరుపులు తడిసిపోయాయి. "ఇంత దూది పారేస్తామా" అని అమ్మ మిద్దె మీద ఆరేసి మళ్లీ వాడింది. సంక్రాంతి దాటేసరికి పొద్దన్నే లేస్తూనే తుమ్ములు, రాత్రయితే ఛాతీలో పిల్లికూతలు. డాక్టర్ టెస్టులు చేయించి, డస్ట్ మైట్ అలర్జీ, దాంతోపాటు ఆస్తమా ఉందన్నారు.

నేనేం చేశా? ఇంజినీర్‌ని కదా, వెంటనే ఎయిర్ ప్యూరిఫైయర్ ఆర్డర్ పెట్టా. నెల తిరిగినా తేడా లేదు. బగ్ ఎక్కడుందో చూడకుండా సర్వర్ మార్చినట్టయింది.

చిత్తూరు దగ్గర ఊళ్లో ఉండే మా అవ్వకి ఫోన్‌లో చెప్తే ఒకటే మాట: "గాలికి మిషనెందుకురా నాయనా? పరుపులు ఎండకేసి ఎన్నేండ్లయింది?"

అప్పుడు కూర్చుని చదివా. ఈ మైట్ సైజు సుమారు 0.3 మిల్లీమీటర్లు, మామూలుగా కంటికి ఆనదు. కుట్టదు, కరవదు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతుంది. నీళ్లు తాగదు, గాలిలో తేమనే పీల్చుకుంటుంది. అందుకే వానాకాలం, ముసురు దానికి పండగ. ఇంటి దుమ్ము అలర్జీకి ఈ పురుగే కారణం కావచ్చని 1964లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ పరిశోధకులు రాశారు. అసలు అలర్జీ తెప్పించేది ముఖ్యంగా దాని మలంలో ఉండే ప్రోటీన్. ఆ రేణువులు కాస్త బరువైనవి, లేచిన కాసేపటికే కిందికి దిగిపోతాయి. గాలిలో ఎక్కువసేపు ఉండవు కాబట్టి ప్యూరిఫైయర్‌కి పెద్దగా దొరకవు. ఉండేది దిండులో, పరుపులో. మనం ముక్కు పెట్టి పడుకునేది అక్కడే!

అంటే అవ్వ చెప్పింది సగం కరెక్ట్. మంచి ఎండకి మైట్లు ఎండిపోయి చస్తాయి. కానీ చచ్చినా వాటి మలం అక్కడే ఉంటుంది. దాన్ని బయటికి పంపాలి.

మేం ఏం చేశామో చెప్తా.

వరదలో తడిసిన పరుపులు, పాత దిండ్లు తీసేశాం. కొత్తవాటికి దగ్గరి నేత ఉన్న జిప్ కవర్లు వేశాం. దుప్పట్లు, గలీబులు వారానికోసారి ఉడుకునీళ్లలో ఉతుకుతున్నాం. నీళ్లు 55 నుంచి 60 డిగ్రీలుంటే మైట్లు చస్తాయి, జాగ్రత్త, చేతులు కాలతాయి. చన్నీళ్లలో ఉతికినా మలం చాలావరకు పోతుంది కానీ పురుగు చావదు. ఊడ్చే ముందు తడిగుడ్డ పెడుతున్నాం. తడిబట్టలు పడకగదిలో ఆరేయడం మానేశాం. చెల్లెలి టెడ్డీని కవర్లో చుట్టి ఒక రోజంతా ఫ్రీజర్‌లో పెట్టి, తర్వాత ఉతికాం.

ఒక్క కవర్ కొనేసి అయిపోయిందనుకోవద్దు. 2003లో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో వెయ్యిమందికి పైగా పెద్దవాళ్లని చూస్తే, ఒట్టి కవర్ల వల్ల ఆస్తమాకి లాభం కనపడలేదు. అన్నీ కలిపి చేయాలి. డాక్టర్ ఇచ్చిన ఇన్‌హేలర్‌ని మీ అంతట మీరు ఆపకూడదు. "అలవాటైపోతుంది" అనే మాట విని మా అమ్మ రెండు వారాలు ఆపేసింది, ఒక రాత్రి ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తాం.

చివరిగా ఒక్క మాట. ఇన్నాళ్లూ మా ఇంట్లో పొద్దన్నే తలుపులేసిన గదిలో దుప్పట్లు దులిపేది ఎవరు? అమ్మే. మందు వేసుకునేది అమ్మే, దుమ్ము దులిపేది అమ్మే! నేను పక్క గదిలో స్టాండప్ కాల్‌లో ఉండి ఆ తుమ్ములు వింటూ మైక్ మ్యూట్ చేసుకునేవాణ్ని. ఇది ఏ టెస్టులోనూ రాలేదు.

ఇప్పుడు ఆదివారం ఆ పని నాది. మాస్క్ పెట్టుకుని, అన్నీ మిద్దె మీదికి తీసుకెళ్లి దులిపి, ఎండకేస్తా. అమ్మ కింద కాఫీ తాగుతుంటుంది. పిల్లికూతలు పూర్తిగా పోయాయని చెప్పను, కానీ రాత్రి నిద్ర పడుతోంది.

ఈ ఆదివారం మీ ఇంట్లో దుప్పట్లు ఎవరు దులుపుతారో కామెంట్‌లో చెప్పండి. ఉంటా మరి, నమస్తే.