వన్స్‌మోర్!
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి మిత్రులు విపులంగా మాట్లాడినారు. కార్యదర్శి గారు నాకు పది నిమిషాలిచ్చి, "ఏదైనా సరదా సంగతి చెప్పండి" అన్నారు. సరదాగానే మొదలుపెడతాను. చివర్లో మాత్రం ఒక పని అప్పజెప్తాను. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది!

పోయిన సంవత్సరం మా మనవడు బెంగుళూరులో సినిమా పాటల కచేరీకి పోయినాడు. రాత్రంతా నిలబడి విని, తెల్లవారి గొంతు బొంగురుపోయి ఇంటికి చేరినాడు. వాళ్ళమ్మ కేకలేసింది. వాడు సెల్‌ఫోనులో నాకు చూపించినాడు. వేలమంది పిల్లలు చేతుల్లో ఫోను లైట్లు పట్టుకొని, గాయకునితో పాటు తామూ పాడుతున్నారు. "ఇదేం పిచ్చి?" అన్నారు ఇంట్లోవాళ్ళు. "ఈ పిచ్చి మన సీమకు కొత్తది కాదు" అన్నాను నేను.

నిజమే గదా! పద్యనాటకమే మన కాలపు కచేరీ. నాటకంలో పాటలు ప్రవేశపెట్టిన ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యుల వారు బళ్ళారిలో సరసవినోదినీ సభ పెట్టింది 1886లో. అంతకు ముందు యేడే, 1885లో, మన కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో సురభి నాటక సమాజం పుట్టింది. తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ గారి పేరు చెప్పనక్కరలేదు. మనకు వానలు తక్కువ గానీ రాగాలకు కరువు లేదు.

నేను బేతంచెర్లలో కొత్తగా గుమాస్తాగా చేరిన రోజులు. 1974 ఎండాకాలం. ఊళ్ళో కాంట్రాక్టు నాటకమని కరపత్రం పంచినారు. కాంట్రాక్టు నాటకమంటే ఈ పిల్లలకు తెలియదు. ఒక కాంట్రాక్టరు వేర్వేరు ఊళ్ళ నుంచి పేరున్న నటులను పిలిపించి, టికెట్టు పెట్టి ఒక్క రాత్రికి ఆడించే నాటకం. ఒకే నాటకంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని ఇద్దరుండేవారు. ఒకాయన పడకసీనుకు, ఇంకొకాయన రాయబారానికి. ఎవరి కృష్ణుడు గొప్ప అని జనం రెండు పక్షాలై పోట్లాడుకునేవారు. పీసపాటి నరసింహమూర్తి గారా, షణ్ముఖి ఆంజనేయరాజు గారా, ఏ.వి. సుబ్బారావు గారా అని మా ఆఫీసులో ఫైళ్ళు పక్కనబెట్టి వాదించుకునేవాళ్ళం. ఈలతో రాగాలు పలికించే రఘురామయ్య గారి మాట వస్తే మాత్రం అందరూ ఒక్కటయ్యేవారు. ఇప్పటి పిల్లలు హీరోల కోసం కొట్లాడుకుంటే మనకు నవ్వెందుకు?

ఆ రాత్రి ఆడింది సత్యహరిశ్చంద్ర. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు పొద్దుగూకేసరికి బండ్లు కట్టుకొని దిగినారు. నాపరాతి గనుల్లో పనిచేసేవాళ్ళు ఒంటి మీద తెల్లని దుమ్ము కడుక్కోకుండానే వచ్చినారు. కుర్చీ, బెంచీ, నేల అని మూడు తరగతులు. నాది నేల టికెట్టు. గోనెపట్టా పరచుకొని, బొరుగులు, శెనక్కాయలు ఒళ్ళో పోసుకొని కూర్చున్నాను. పదిగంటలకు ప్రార్థన మొదలైంది. సీనుకూ సీనుకూ మధ్య చదివింపులు. ఎవరు ఎంతిచ్చిందీ మైకులో పేరుతో సహా చదివేవారు. కొందరు రంగస్థలం ఎక్కి నటుని జరీ అంగీకి నోట్లు గుచ్చి వచ్చేవారు.

కాటిసీను వచ్చేసరికి రాత్రి రెండు దాటింది. ఈ సీనులో జాషువా గారి శ్మశాన పద్యాలు పాడడం ఆనవాయితీ. హరిశ్చంద్రుడు రాగం ఎత్తుకున్నాడు. నిద్రపోతున్న పిల్లలు కూడా లేచి కూర్చున్నారు. పద్యం ముగియగానే "వన్స్‌మోర్" అని కేక. మళ్ళీ పాడినాడు. మళ్ళీ కేక. మూడోసారి పాడేటప్పుడు పై స్థాయిలో గొంతు ఒక్క క్షణం ఆగింది. హార్మోనియం ఆయన అది గ్రహించి, ఆ స్వరం మీదనే వేలు నిలిపి, గొంతు వచ్చి అందుకునేదాకా కాచుకున్నాడు. జనం ఈలలు వేసినారు. నా పక్కన ఒక గని కార్మికుడు, అరవై ఏళ్ళుంటాయి, చెయ్యెత్తి ముందువాళ్ళతో, "ఇంక సాలు నాయనా! ఆ మనిషి గొంతు రాయి కాదు గదా, ఊరికే కొడుతుండేదానికి" అన్నాడు. నాలుగో కేక లేవలేదు. అసలైన అభిమాని ఆయన అని నాకిప్పటికీ అనిపిస్తుంది.

తెల్లవారి టీ అంగడి దగ్గర ఆ హరిశ్చంద్రుణ్ణే చూసినాను. చెవుల వెనక రంగు పూర్తిగా పోలేదు. దగ్గుతున్నాడు. డోన్ వైపు పోయే మీటరుగేజి బండి ఎన్నింటికని అడిగినాడు. చెప్పినాను.

"ఏం చేస్తుంటావు నాయనా?"

"గవర్నమెంటు గుమాస్తానండీ. కొత్తగా చేరినాను."

"పింఛను ఉంటుందా?"

"ఉంటుందండీ."

"అయితే నీ గొంతు పోయినా అన్నం పోదు" అని నవ్వి, టీ డబ్బులు నా చేత ఇయ్యనియ్యక తానే ఇచ్చి స్టేషను వైపు నడిచినాడు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. పింఛనంటే ఏమిటో ఆలోచించే వయసు కాదు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను సర్కారు దయతో పడేసే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని తీర్పు చెప్పింది. అందుకే ఈ తేదీన మనం సభ జరుపుకుంటున్నాము. ఆ తీర్పు గురించి ఆఫీసులో చదివిన రోజు నాకు గుర్తొచ్చింది ఆ హరిశ్చంద్రుడే. రాత్రంతా నిలబడి ఊరిని మేలుకొలిపినవాడిది సేవ కాదా? ఆయనకు సర్వీసు రిజిస్టరు లేదు. ఇంక్రిమెంటు లేదు. వన్స్‌మోర్ ఒక్కటే ఆయన ప్రమోషను.

ఇప్పుడు పని అప్పజెప్తాను. మన పల్లెల్లో పద్యాలు పాడినవాళ్ళు, హార్మోనియం వాయించినవాళ్ళు, ఆడవేషం కట్టినవాళ్ళు ఎనభైకి దగ్గరపడి మూలన కూర్చున్నారు. పేద వృద్ధ కళాకారులకు నెలనెలా ఆర్థిక సహాయం ఇచ్చే పథకం కేంద్ర సాంస్కృతిక శాఖలో ఉన్నది. దానికి వయసు రుజువు కావాలి, ఆదాయ ధృవపత్రం కావాలి, కళాకారుడేనని చూపే ఆధారాలు కావాలి. పద్యం నోటికి వచ్చినవాడికి దరఖాస్తు నింపడం రాదు. మనకు పద్యం రాదు గానీ దరఖాస్తు వచ్చు. ముప్పై ఏళ్ళు చేసిన పని అదే గదా!

కాబట్టి ప్రతి సభ్యుడూ తన ఊళ్ళో ఒక్క కళాకారుని పేరు కనుక్కొని కార్యదర్శి గారికి ఇవ్వండి. పాత ట్రంకుపెట్టెల్లో నాటకం కరపత్రాలు, ఫోటోలు ఉంటే పారేయకండి. అవే వాళ్ళ సర్వీసు రిజిస్టరు. కాగితాలు నింపేందుకు ప్రతి ఆదివారం నేను సంఘం ఆఫీసులో కూర్చుంటాను. నాతో ఇంకో ఇద్దరు కూర్చుంటే మేలు. వచ్చే సంవత్సరం ఈ సభలో ఒక గంట పద్యాలు పెట్టుకుందాం. పాడేముందే కవరు చేతికిద్దాం. పిల్లలనూ పిలుద్దాం. వాళ్ళు ఫోను లైట్లు పట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు.

నా పది నిమిషాలు అయిపోయినాయి. మీరెవరూ వన్స్‌మోర్ అనకముందే సెలవు తీసుకుంటున్నాను.