ఢిల్లీలో ఓరుగంటివాని గోరీ



ఢిల్లీలోని తెలుగు ఉద్యోగులు సకుటుంబముగా ఒకదినము నగర సందర్శనమునకు బయలుదేరిరన్న, వారి బస్సు ఏ దారిని పోవునో చెప్పుటకు జ్యోతిషము అక్కరలేదు. ఉదయము కుతుబ్ మీనారు, పిదప ఎఱ్ఱకోట, మధ్యాహ్నము అశోకా రోడ్డులోని ఆంధ్ర భవనమున భోజనము. ఈ మూడింటిలో కడపటిదానికే పిల్లలు తొందరపడుదురు; పెద్దలును అంతియే గాని పైకి చెప్పరు. ఈ వరుసలో నిజాముద్దీను బస్తీకి ఒక గంట కేటాయింపదగును.

అచ్చటి ఇరుకు సందులలో, ఇండ్ల నడుమ ఎనిమిది కోణముల గోరీ ఒకటి కలదు. ఢిల్లీలో తరువాతి కాలమున సయ్యదులు, లోదీలు కట్టించుకొనిన అష్టకోణపు గోరీలకు ఇదియే ఒరవడి యందురు. అందు నిద్రించువాడు ఫిరోజ్ షా తుగ్లక్ వజీరు, ఖాన్-ఎ-జహాన్ మక్బూల్ తిలంగానీ. తిలంగానీ యనగా తెలుగు దేశమువాడు.

1323లో ఓరుగల్లు పతనమైనప్పుడు ప్రతాపరుద్రునితోపాటు ఇతనిని ఢిల్లీకి పంపిరి. ప్రభువు త్రోవలోనే మరణించెను. సేవకుడు ఢిల్లీ చేరి మతమును, పేరును మార్చుకొనెను. ఇతడే గన్నమ నాయకుడనియు, మారన మార్కండేయ పురాణమును అంకితమొందినవాడు ఇతడేననియు పలువురు చరిత్రకారుల అభిప్రాయము.

ఆ కాలపు చరిత్రకారుడు షమ్స్ సిరాజ్ అఫీఫ్ ఇతనికి చదువను వ్రాయను రాదనియు, బుద్ధిశాలి యనియు వ్రాసెను. రానిది పారసీ లిపియే కాబోలు. తెలుగు కావ్యము అంకితము గొన్నవానిని నిరక్షరుడనుట నమ్మశక్యము గాదు. ఏమైనను, రాజ్యము జమాఖర్చులన్నియు ఇతని చేతిలోనే ఉండెను. అకౌంట్సు శాఖవారు ఈ సంగతి గమనింతురు గాక!

సింధు దేశపు దండయాత్రలో సుల్తాను సేనతోసహా కచ్ రణ్ ప్రాంతమున దారి తప్పెను. నెలల తరబడి వార్త లేదు. రాజధానిలో గగ్గోలు పుట్టెను. సింహాసనము మీద ఆశ గలవానికి అంతకన్న మంచి అదను దొరకదు. ఈ తెలుగువాడు మాత్రము సుల్తాను క్షేమముగా ఉన్నాడని లేఖ వచ్చినట్లు తానే కల్పించి, నగరమున ఉత్సవములు చేయించెను. సుల్తాను తిరిగివచ్చువరకు రాజ్యము చెక్కుచెదరలేదు. రాని ఉత్తరమును ఇంత చక్కగా నడిపిన ఉద్యోగి మరియొకడు ఉన్నాడో లేడో!

1370 ప్రాంతమున ఇతడు మరణింపగా కుమారుడు జునాన్ షా వజీరయ్యెను. తుర్క్‌మాన్ దర్వాజా కడనున్న కలాన్ మసీదు (1387), సాకేత్ సమీపమునందలి ఖిడ్కీ మసీదు ఆతని కట్టడములే. కుతుబ్ చూచివచ్చు బస్సునకు ఖిడ్కీ దూరము గాదు.

తండ్రి గోరీకి మాత్రము ఆ భాగ్యము లేదు. చుట్టును ఇండ్లు కమ్ముకొనినవి. లోపల సైతము సంసారములు కాపురముండినవి. సమీపముననే హుమాయూన్ గోరీ చూచుటకు వచ్చు తెలుగువారు దీని పేరైన వినక మరలుచున్నారు. బస్సు సందులలోనికి పోదు, నడువవలెను. పదిమందికి మించక, ఇండ్లవారి అనుమతితో చూచుట మర్యాద.

అచ్చటినుండి ఒంటిగంటలోపల ఆంధ్ర భవనము చేరినచో వరుసలో నిలువబడుట కొంత తప్పును. పప్పు, పులుసు, గోంగూర పచ్చడి వడ్డింపగానే, ఫిరోజ్ షా కొలువులో ఆ వజీరుకు గోంగూర దొరకెనా యని ఏ పిల్లవాడో అడుగక మానడు. అఫీఫ్ ఆ సంగతి వ్రాయలేదు.