ఇప్పచెట్టు కింద ఎలుగుబంటి

ఎలుగుబంటి గురించి ప్రసంగం అనగానే మీలో చాలామందికి టెలివిజన్‌లో చూసిన ఒక దృశ్యం గుర్తుకు రావచ్చు. అలాస్కాలో నది మధ్య నిలబడి, ఎదురెక్కి వచ్చే సాల్మన్ చేపను నోటితో పట్టుకునే భారీ గోధుమరంగు ఎలుగుబంటి దృశ్యం అది. ఆ జాతి మన దేశంలోనూ ఉంది. అయితే దాన్ని చూడాలంటే హిమాలయాల పైసానువులకు వెళ్లాలి. ఈ రోజు మనం తెలుసుకునేది దాని బంధువు గురించి. భద్రాచలం నుంచి కుంట, సుక్మాల మీదుగా జగదల్‌పూర్ వెళ్లే దారిలో కాంగేర్ లోయ జాతీయ ఉద్యానవనం ఉంది. ఆ లోయలోనూ, బస్తర్ అడవులంతటా తిరిగే నల్లటి ఎలుగుబంటి అది. మన జాంబవంతుడూ, కథల్లోని బల్లూ ఈ జాతివారే అనుకోవచ్చు.

దీని శాస్త్రీయ నామం మెలర్సస్ అర్సైనస్. 1791లో జార్జ్ షా అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దీని పొడవైన గోళ్లనూ, ముందు పళ్లు లేకపోవడాన్నీ చూసి, దక్షిణ అమెరికాలో చెట్లకు వేలాడే స్లాత్ అనే జంతువు కోవలో చేర్చాడు. పొరపాటు తర్వాత తెలిసింది గాని, ఇంగ్లీషులో స్లాత్ బేర్ అన్న పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ప్రపంచంలో ఇప్పుడున్న ఎలుగుబంట్లు 8 జాతులు. వంశవృక్షంలో అందరికంటే ముందు వేరుపడింది పాండా. తర్వాత దక్షిణ అమెరికా ఎలుగు. మిగిలిన ఆరూ, అంటే ధ్రువపు ఎలుగు, గోధుమరంగు ఎలుగు, మన నల్ల ఎలుగు మొదలైనవి, సుమారు 50 లక్షల ఏళ్ల కిందట మొదలై త్వరత్వరగా విడిపోయాయి. వీటి పూర్వీకులు మాంసాహార క్రమానికి చెందినవే. మనది మాత్రం చెదలు, చీమలు, పండ్లు, తేనె తిని బతకడానికి అలవాటుపడింది. పై దవడలో మధ్య రెండు పళ్లు లేవు. గోళ్లతో పుట్టను తవ్వి, మూతిని కన్నానికి ఆనించి, దుమ్మును ఊది, ముక్కుపుటాలు మూసుకుని ఆ పళ్ల సందులోంచి చెదలను పీల్చుకుంటుంది. ఆ పీల్చే చప్పుడు వంద మీటర్ల అవతలికి కూడా వినిపిస్తుందట! తనకే అంత చప్పుడవుతుంటే వచ్చే మనిషి అడుగుల సవ్వడి దానికెలా వినపడుతుంది? ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

చలి ప్రాంతాల గోధుమరంగు ఎలుగు చలికాలమంతా గుహలో నిద్రపోతుంది. బస్తర్‌లో ఏడాది పొడవునా ఏదో ఒక తిండి దొరుకుతుంది కనుక మన ఎలుగుకు ఆ అవసరం లేదు. ఈనిన తల్లి మాత్రం కొన్నాళ్లు గుహలో ఉంటుంది. చలికాలంలో పుట్టిన పిల్లలు రెండు మూడు నెలలకు బయటికి వచ్చి, తల్లి భుజాల మీది పొడవాటి వెంట్రుకలు పట్టుకుని వీపెక్కి తిరుగుతాయి. ఇతర ఎలుగుల్లో ఇలాంటి అలవాటు దాదాపుగా లేదు. పులులున్న అడవిలో పుట్టిన జాతి కాబట్టి పారిపోవడం కన్నా ఎదురుతిరగడమే దీనికి మేలు చేసిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. భయపడితే మీదికి దూకుతుంది.

ఇక ఇప్పచెట్టు దగ్గరికి వద్దాం. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు రాత్రంతా రాలి, తెల్లవారేసరికి చెట్టు కింద పరుచుకుంటాయి. ఆలస్యమైతే పశువులు తినేస్తాయని బస్తర్ ఆదివాసీ మహిళలూ పిల్లలూ చీకటితోనే గంపలు తీసుకుని బయలుదేరతారు. ఎండబెట్టిన ఆ పువ్వు సంతలో డబ్బు, ఇంట్లో ఉప్పూ పప్పూ. ఎలుగుకూ ఆ తీపి పువ్వంటే ప్రాణం, దాని వేళా అదే. పైగా అప్పుడే పిల్లలతో గుహ దాటిన తల్లులు ఉంటాయి. ఇద్దరూ తల వంచుకుని ఒకే చెట్టు కింద పది అడుగుల దూరంలో ఎదురుపడితే ఏమవుతుందో మీరు ఊహించగలరు. దెబ్బ సాధారణంగా ముఖం మీద, తల మీద పడుతుంది.

బస్తర్ ఇంకా మధ్యప్రదేశ్‌లో ఉన్నప్పటి లెక్కలు చూడండి. 1989 ఏప్రిల్ నుంచి 1994 మార్చి వరకు ఆ రాష్ట్రంలో ఎలుగుల దాడులు 735, మరణాలు 48. చనిపోయినవారు తక్కువే అనిపించవచ్చు. కాని చూపు పోయి, దవడ విరిగి బతికినవారి సంగతి ఈ అంకెల్లో కనిపించదు. అటువంటి ఇంట్లో ఎలుగుబంటిని కాపాడాలని చెప్పడం తేలిక కాదు.

ఈ జాతికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రక్షణ ఉంది. ప్రపంచవ్యాప్తంగా ముప్పున్న జాతుల జాబితాలోనూ ఉంది. అడవి ముక్కలవుతోంది, బైలడిల్లా కొండల్లో ఇనుప ఖనిజం తవ్వకాలు 1968 నుంచి సాగుతున్నాయి. కాంకేర్ పట్టణం చుట్టూ ఉన్న రాతిగుట్టల నుంచి ఎలుగులు వీధుల్లోకే వస్తుంటాయి. మన శ్రీకాకుళం ఉద్దానంలో జీడితోటల్లోకి వచ్చే ఎలుగులదీ ఇదే కథ. వాటి కోసం అడవిలో పండ్లచెట్లు నాటే ‘జాంవంత్’ పథకం కాంకేర్‌లో చేపట్టారు. చెట్టు కాపుకొచ్చేదాకా ఎలుగు ఆగదు కదా!

నా దృష్టిలో ఇంతకంటే సులువైన మార్గం వేళ మార్చడం. ఛత్తీస్‌గఢ్‌లో కొన్నిచోట్ల ఇప్పచెట్ల కింద వలలు కట్టి పువ్వు పడుతున్నారు. శుభ్రమైన పువ్వుకు మంచి ధర వస్తుందని మొదలుపెట్టిన పని ఇది. వల ఉంటే చీకట్లో పరుగెత్తనక్కరలేదు, పొద్దెక్కాక వెళ్లవచ్చు. చెట్టు కింద ఆకులకు నిప్పు పెట్టే పనీ తప్పుతుంది. ఆ నిప్పే పాకి అడవిని కాల్చుతోంది. కాని వల ఎవరు కొనాలి, ఏ చెట్లు ఎలుగుకు వదలాలి? ఇవి ఊరివారు కూర్చుని తేల్చుకోవలసినవి. 2022లో కాంగేర్ లోయలోని గుడియాపదర్ గ్రామానికి సామూహిక అటవీ వనరుల హక్కును గుర్తించారు. అంటే అక్కడి గ్రామసభకు ఇప్పుడు ఆ అధికారం ఉంది.

అంతవరకు, మీరు ఆ అడవికి వెళ్లవలసి వస్తే ఒంటరిగా వెళ్లకండి, గట్టిగా మాట్లాడుకుంటూ నడవండి. మీ రాక ముందుగా తెలిస్తే ఎలుగు చాలాసార్లు తానే తప్పుకుంటుంది. మీద పడితే మాత్రం బోర్లా పడుకుని, రెండు చేతులతో మెడ వెనుక కప్పుకుని, అది వెళ్లేదాకా కదలకండి.