ఇనుము కంటే ముందు ఉస్తాద్

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. రిటైరైన గుమాస్తాను. అయితే కుర్రతనంలో కొన్నేళ్ళు బరువులెత్తినవాణ్ణి గనుక, మన సంఘం యువకుల కోసం పెట్టదలచిన వ్యాయామశాల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. కొనవలసిన సామాను జాబితా కూడా నా చేతికిచ్చారు. బార్లు, ప్లేట్లు, బెంచీలు, గోడకు అద్దాలు అన్నీ ఉన్నాయి. నేర్పే మనిషి మాత్రం ఆ జాబితాలో లేడు. నా బాధ అదే. ఎందుకో చెప్పాలంటే కొంచెం సొంత కథ చెప్పుకోక తప్పదు, మన్నించాలి.

1978లో నాకు 19 ఏళ్ళు. మా వీధి చివర ఒక తాలీంఖానా ఉండేది. రెండు ఇనుప కమ్ములు, సిమెంటు పోతపోసిన చక్రాలు, అంతే ఆస్తి. ఎవడు ఎక్కువ ఎత్తితే వాడే మొనగాడు. బరువును భుజాలదాకా లాగి, నడుం విల్లులా వెనక్కి వంచి పైకి తోసేవాళ్ళం. ఆ ప్రెస్ అనే పద్ధతిని 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ తర్వాత పోటీల్లోంచి తీసేశారనీ, ఈ వెనక్కి వంగడమే అందుకు ఒక కారణమనీ మాకెవరికీ తెలియదు. ఒక పండుగ ముందురోజు పందెం వేసుకుని 80 కిలోలకు చెయ్యి వేశాను. బరువు పైకి పోయింది, నడుంలో కలుక్కుమంది. ఇరవై రోజులు మంచం దిగలేదు. నమాజులో రుకూకు వంగలేక కూర్చునే చదువుకున్నాను. అమ్మీ ఏడ్చింది. అబ్బా మాత్రం ఒక్క మాట అన్నారు: "బలం ఉంది బేటా, ఇల్మ్ లేదు."

నడుం నయమయ్యాక, పక్క పట్నంలో రైల్వే ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు కుర్రాళ్ళకు బరువులు నేర్పే ఒక కోచ్‌గారి దగ్గరికి వెళ్ళాను. "80 కిలోలు ఎత్తానండీ" అన్నాను గొప్పగా. ఆయన మూలనున్న చీపురు కర్ర తెచ్చి నా చేతిలో పెట్టారు. "ముందు ఇది ఎత్తు నాయనా, చూస్తాను" అన్నారు.

ఆరు వారాలు ఆ కర్రే నా బరువు. తోటివాళ్ళు నవ్వేవారు. రెండుసార్లు మానేద్దామనుకున్నాను కూడా. కాని ఆ కర్రతోనే నాకు అసలు విద్య తెలిసింది.

ఒలింపిక్ పోటీల్లో ఉన్నవి రెండే విన్యాసాలు. స్నాచ్ అంటే నేలమీది బారును ఒక్క ఊపులో తలపైకి తీసుకుపోవడం. క్లీన్ అండ్ జెర్క్ అంటే ముందు భుజాలమీదికి, అక్కణ్ణించి తలపైకి, రెండు అంచెల్లో. చూసేవాళ్ళకు చేతులతో లాగినట్టే ఉంటుంది. పని చేసేవి నిజానికి కాళ్ళూ తుంటీ. బారు సరిగ్గా పాదాల మధ్యభాగం పైన ఉండాలి. వీపు బల్లలాగా తిన్నగా ఉండాలి. బొటనవేలును బారుకు చుట్టి, దానిమీద మిగతా వేళ్ళు బిగించాలి. మోకాళ్ళు దాటేదాకా తొందరపడకూడదు. బారు ఒంటిని వదిలి దూరం పోకూడదు. తొడల పైభాగానికి వచ్చాక కాళ్ళూ తుంటీ ఒక్కసారిగా నిటారుగా సాగాలి. ఆ ఊపుకు బారు ఒక్క క్షణం తేలికవుతుంది. ఆ క్షణంలోనే మనిషి దాని కిందికి దూరి, గొంతుక్కూర్చుని పట్టుకుని, తర్వాత లేవాలి. బరువు పైకి రావడం ఎంతో, మనం కిందికి పోవడం అంత. ఇది తెలియకనే నేను ఇన్నాళ్ళూ నడుంతో పోట్లాడాను.

నాకొక దోషం ఉండేది. కాళ్ళు పని ముగించకముందే మోచేతులు మడిచేసేవాణ్ణి. "నేను మడవలేదండీ" అని వాదించాను కూడా. కోచ్‌గారు నా మోచేతి దగ్గర చిన్న బెత్తం పట్టుకుని నిలబడ్డారు. 10 సార్లు లాగితే 8 సార్లు నా చెయ్యే పోయి దానికి తగిలింది. "మనిషికి తన వీపు తనకు కనపడదురా, అందుకే ఇంకొకడు చూడాలి" అన్నారు. అద్దాలు కొందామనుకునే పెద్దలు ఈ మాట కొంచెం ఆలోచించాలి.

తర్వాత 20 కిలోల ఉత్త బారు ఇచ్చారు. ఎత్తడం కంటే ముందు, తప్పితే బారును ముందుకు వదిలి వెనక్కి ఎలా తప్పుకోవాలో నేర్పారు. పడేయడం తెలిసినవాడికి భయం ఉండదు. నాలుగో నెలలో ఆ పాత 80 కిలోలే మళ్ళీ ఎత్తాను. ఈసారి నడుం ఊసే ఎత్తలేదు! జిల్లా పోటీల్లో మూడోవాణ్ణయ్యాను, అంతకుమించి పైకి పోలేదు. అయినా ఈనాటికీ బియ్యం బస్తా దించాలంటే కోడలు నన్నే పిలుస్తుంది.

పెద్దవాళ్ళ సంగతీ ఇంతే. టర్కీకి చెందిన నయీం సులేమానోగ్లూ ఐదడుగులు కూడా లేని మనిషి. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 60 కిలోల విభాగంలో 190 కిలోలు, అంటే తన బరువుకు మూడింతలు మించి ఎత్తాడు. కండ ఒక్కటే చేసే పని కాదది. మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర ఓనమాలు దిద్దుకుని, 2000 సిడ్నీలో 240 కిలోల మొత్తంతో కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. మీరాబాయి చానుకు 2016 రియోలో క్లీన్ అండ్ జెర్క్ మూడు ప్రయత్నాలూ తప్పిపోయాయి. మళ్ళీ నేర్చుకుని, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో రజతం తెచ్చింది.

మన ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. అమెరికాలో ఉండే పాకిస్తానీ కుటుంబపు అమ్మాయి కుల్సూమ్ అబ్దుల్లా ఒళ్ళంతా కప్పే దుస్తులతో పోటీ చేస్తానని కోరింది. మోచేతులు తిన్నగా బిగిశాయో లేదో న్యాయనిర్ణేతలకు కనపడాలి కదా అన్నది అభ్యంతరం. 2011లో అంతర్జాతీయ సమాఖ్య నియమం మార్చి, ఒంటికి అతుక్కుని ఉండే నిండు దుస్తులను అనుమతించింది. ఆ దారి ఇప్పుడు మన పిల్లలకూ తెరిచే ఉంది.

కాబట్టి పెద్దలకు నా మనవి. జాబితాలో ఇనుము సగం కొట్టేయండి, అద్దాలు పూర్తిగా కొట్టేయండి. ఆ డబ్బుతో పటియాలా జాతీయ క్రీడా సంస్థలో గాని, మరోచోట గాని సక్రమంగా శిక్షణ పొందిన కోచ్‌ను ఏడాదికి జీతమిచ్చి పెట్టండి. ఆడపిల్లలకు వేరే వేళలు, వీలైతే మహిళా కోచ్. నేర్పేవాడు లేని ఇనుము కుర్రాళ్ళ నడుములు విరుస్తుంది. ఆ వైద్యం ఖర్చు మళ్ళీ మన సంఘం నిధి మీదే పడుతుంది.

కుర్రాళ్ళకు ఒక్కటే చెబుతాను. కోచ్‌గారు కర్ర చేతికిస్తే చిన్నతనం అనుకోకండి బాబూ. ఆ కర్రలు డజను నేనే తెచ్చి ఇస్తాను. మొదటిరోజు మీ పక్కన నిలబడి నేనూ ఒకటి పట్టుకుంటాను.