ట్రాఫిక్‌లో మూడో పెడల్

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నీకు బాగా తెలిసింది ఏదైనా పది నిమిషాలు మాట్లాడు" అన్నారు. ఉద్యోగం గురించి మొదలుపెడితే అందరి చూపూ భోజనాల షామియానా వైపు పోతుందని నా భయం. అందుకని నా కారు గురించి చెబుతాను. గొప్పల కోసం కాదు. ఈ బడిలో నేర్చుకున్న భౌతికశాస్త్రం నాకు రోజూ పనికొచ్చే చోటు అదే.

నాది మాజ్డా ఎంఎక్స్-5. ఈ మోడల్‌ని మొదట 1989లో చికాగో ఆటో షోలో చూపించారు. రెండే సీట్లు, 2 లీటర్ల ఇంజను, టన్నుకి కాస్త పైన బరువు. ఆరు గేర్లు, చేత్తో మార్చుకోవాలి. అమెరికాలో స్టీరింగు ఎడమ పక్కన ఉంటుంది కాబట్టి గేరు కుడిచేత్తో వేయాలి. క్లచ్ మాత్రం అక్కడైనా, ఇక్కడైనా ఎడమకాలికే.

నేనుండేది ఫ్రీమాంట్‌లో. శాన్ హోసే వెళ్లడానికి 880 హైవే ఎక్కాలి. ఉదయం, సాయంత్రం ఆ రోడ్డు మీద బండ్లు పరిగెత్తవు, పాకుతాయి. మలుపుల దారిలో పరిగెత్తడానికి చేసిన కారుని అక్కడ నడపడమంటే పందెపు గుర్రాన్ని సంతలోంచి తోలుకెళ్లడమే. "ఈ వయసులో ఆ కాలికి శిక్ష ఎందుకురా, ఆటోమేటిక్ కొనుక్కో" అని మన వాట్సాప్ గ్రూపులో ఏడాదిగా అడుగుతున్నారు. దానికి జవాబు ఈ రోజు చెబుతాను.

ముందు క్లచ్ సంగతి. ఇంజనుకి, గేర్‌బాక్సుకి మధ్య ఒక పళ్లెం ఉంటుంది. పెడల్ మీంచి కాలు పూర్తిగా తీసేస్తే ఆ పళ్లెం ఇంజనుతో కలిసి ఒకే వేగంతో తిరుగుతుంది. పూర్తిగా తొక్కితే విడిపోతుంది. ఈ రెండింటిలోనూ పళ్లెం అరగదు. అరిగేది మధ్యలో, అంటే మనవాళ్లు హాఫ్ క్లచ్ అనే స్థితిలో. ఇంజను ఒక వేగంతో, పళ్లెం ఇంకో వేగంతో తిరుగుతూ ఒకదాన్నొకటి రాసుకుంటాయి.

ఎంత రాసుకుంటాయో లెక్క కట్టాను. నాతో కలిపి కారు బరువు 1,150 కిలోలు అనుకోండి. 100 మీటర్లకి 5 మీటర్లు లేచే ఎక్కుడులో, బ్రేకు వేయకుండా, ఇంజనుని 1,500 ఆర్‌పీఎం దగ్గర ఉంచి హాఫ్ క్లచ్‌తోనే బండిని కదలకుండా నిలబెట్టామనుకుందాం. ఆ పళ్లెం దగ్గర పుట్టే వేడి దాదాపు 1.9 కిలోవాట్లు. మన స్నానాల గదిలో గీజరు 2 కిలోవాట్లు. అంటే ఫ్లైఓవర్ ఎక్కుతూ ముందు బండి కదిలేదాకా హాఫ్ క్లచ్‌తో ఆగినవాళ్లు క్లచ్ ప్లేటు మీద గీజరు ఆన్ చేసి కూర్చున్నట్టే. హ్యాండ్‌బ్రేకు లాగితే ఆ వేడి సున్నా. స్పోర్ట్స్ కారుకే కాదు, మీ ఆల్టోకీ ఇదే లెక్క.

ఇక చదునైన రోడ్డు. నా కారులో మొదటి గేరు వేసి, ఇంజను ఐడ్లింగులో 800 ఆర్‌పీఎం దగ్గర ఉండగా రెండు కాళ్లూ తీసేస్తే, బండి గంటకి సుమారు 6 కిలోమీటర్ల వేగంతో దానంతటదే నడుస్తుంది. మనిషి చురుగ్గా నడిచే వేగం అది. రెండో గేరులో 1,000 దగ్గర 13, 14 కిలోమీటర్లు. రద్దీలో నా పద్ధతంతా ఈ రెండు అంకెల మీదే నడుస్తుంది. ముందు బండి ఉరికిందని నేను ఉరకను. అది మళ్లీ ఆగుతుందని తెలుసు. మధ్యలో ఖాళీ వదిలి, ఆ ఖాళీని నెమ్మదిగా ఖర్చు పెడతాను. నేను దగ్గరకి చేరేసరికి అది మళ్లీ కదులుతుంది. ఇరవైసార్లు క్లచ్ తొక్కాల్సిన చోట నాలుగైదుసార్లతో సరిపోతుంది.

"ఖాళీ వదిలితే పక్క లేన్లవాళ్లు దూరిపోరా?" అంటారు. దూరతారు. నిండుగా పారే ఒక లేన్‌లో గంటకి సుమారు 1,800 బండ్లు వెళతాయనుకుంటే ఒక్కో బండికి 2 సెకన్లు. పది బండ్లు నా ముందు దూరినా నాకు పోయేది 20 సెకన్లు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పడానికి పట్టేంత సమయం. దానికోసం రక్తపోటు పెంచుకోవాలా?

ఈ ఖాళీకి ఇంకో విలువ ఉంది. 2008లో జపాన్‌లో సుగియామా అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక ప్రయోగం ప్రచురించారు. 230 మీటర్ల చుట్టుకొలత ఉన్న వలయంలో 22 కార్లని ఒకే వేగంతో నడపమన్నారు. సిగ్నలు లేదు, గుంట లేదు, అడ్డంగా గేదె రాలేదు. అయినా కాసేపటికి జామ్ పుట్టి, అలలాగా వెనక్కి పాకింది. ఒకరు కాస్త బ్రేకు వేస్తే వెనకాయన ఇంకాస్త వేస్తాడు, ఆ వెనకాయన పూర్తిగా ఆగిపోతాడు. తరవాత అమెరికాలో అరిజోనాలోని టూసాన్‌లో అలాంటి వలయంలోనే, ఇరవైకి పైగా కార్ల మధ్య ఒక్క కారుని కంప్యూటరు నిదానంగా నడిపింది. అల అణిగిపోయింది, ఇంధనం వాడకం 40 శాతం దాకా తగ్గింది. 2022 నవంబరులో నాష్‌విల్ దగ్గర మామూలు హైవే మీదికే 100 కార్లని దింపి ఈ ఆలోచనని పరీక్షించారు. ఒక్కరు సర్దుకుపోతే వెనకున్నవాళ్లకి సుఖమన్నమాట. వాళ్లు కంప్యూటరుతో చేయించిన ఓర్పుని నా చేత మూడో పెడల్ చేయిస్తోంది. ఆటోమేటిక్‌లో ఉరికి ఆగడం తేలిక. క్లచ్ ఉన్న బండిలో ప్రతి తొందరకీ ఎడమకాలు బిల్లు కడుతుంది.

ఎడమకాలు అంటే ఒకరు గుర్తొస్తారు. మా బ్యాచ్ మిత్రుడి నాన్నగారు ఆర్టీసీ డ్రైవరు. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఎడమ మోకాలికే వేడి ఆముదం రాసుకునేవారు. "ఒక్క కాలికేనా బాబాయ్?" అని అడిగితే, "జీతం తెచ్చేది ఈ కాలేరా" అని నవ్వేవారు. నా తేలిక క్లచ్, నా గంట ప్రయాణం నాకు సరదా. ఆయనకి అది ముప్పై ఏళ్ల బతుకు. ఫ్లైఓవర్ మీద బస్సు నెమ్మదిగా కదిలితే వెనక నుంచి హారన్ కొట్టేముందు ఆ మోకాలిని ఒకసారి తలచుకోండి.

మరి నేనెంతకాలం నడుపుతాను? నాకు నేనే ఒక షరతు పెట్టుకున్నాను. ఇంటికి చేరి దిగాక ఎడమకాలి మీద ఒంటికాలితో పది లెక్కపెట్టేదాకా నిలబడగలగాలి. నిలబడలేని రోజులు వరసగా వస్తే బండి అమ్మేస్తాను. ఇది నా పట్టింపు మాత్రమే కాదు, రోడ్డు మీద ఇతరుల ప్రాణాల సంగతి కూడా. ఈ మాట మా ఆవిడకి ఇచ్చాను, ఇప్పుడు మీ అందరి ముందూ ఇస్తున్నాను. అంతవరకూ ఆదివారం పొద్దున్నే నైల్స్ కాన్యన్ మలుపుల్లో ఆ కారు ఇచ్చే ఆనందానికి, వారమంతా ట్రాఫిక్‌లో కట్టే కిస్తీ ఇది.

చివరగా చిన్న కానుక. బస్టాండు రోడ్డులోని మెకానిక్ షెడ్డులో రెండు క్లచ్ ప్లేట్లు తీసుకున్నాను. ఒకటి కొత్తది, ఒకటి పూర్తిగా అరిగిపోయింది. మన ల్యాబ్‌కి ఇస్తున్నాను. సైన్సు ఉపాధ్యాయులకి ఒక్క మనవి: వీటిని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయకండి. పిల్లల చేతికివ్వండి. ఘర్షణ పాఠం చెప్పేముందు ఆ రెంటి మీదా వేలు రాయనివ్వండి.

సెలవు.