ఫిరంగులు పోసిన దొర

కేతేపల్లి పిల్లలకు చరిత్ర చెప్పిన సారు పేర ఏర్పాటైన ఉపన్యాసమిది. అందుకే మన రోడ్డు మీద దొరికే చరిత్రనే ఎంచుకున్నాను. ఇక్కడ బస్సెక్కి హైదరాబాదు పోతే దిల్‌సుఖ్‌నగర్ దాటాక మూసారాంబాగ్ వస్తుంది. ఆ పేరు వెనక ఉన్నవాడు ఫ్రెంచి సేనాని రేమండ్.

1755లో ఫ్రాన్సులో పుట్టాడు. వ్యాపారం చేద్దామని 1775లో పుదుచ్చేరిలో దిగి, సిపాయిగా మారాడు. మైసూరులో కొంతకాలం, ఆ తర్వాత ఫ్రెంచి సేనాని బుస్సీ దగ్గర పనిచేసి, 1786లో నిజాం అలీఖాన్ కొలువులో చేరాడు. పదేళ్లలో అతని పటాలం పదివేలు దాటింది.

1795లో ఖర్డా దగ్గర మరాఠాల చేతిలో నిజాం ఓడినా రేమండ్ పటాలాలు చెదరలేదు. అదే ఏడు నిజాం కొడుకు అలీజా తండ్రి మీద తిరగబడితే అణచింది కూడా ఇతనే. నిజాం దివాను అరస్తూజా అప్పుడు పూనాలో మరాఠాల దగ్గర బందీ, కొలువులో లేడు. రేమండ్‌కు మంత్రి పదవి లేదు గానీ, 1796 నాటికి ఆయుధాల శాఖంతా అతని చేతిలోనే ఉంది.

నాకు మాత్రం అతని యుద్ధాలకన్నా తోపుల కార్ఖానాయే ముఖ్యం. హైదరాబాదులో నేటి గన్‌ఫౌండ్రీ అదే. ఫిరంగి పోయడమంటే మట్టి అచ్చు కట్టి, బాగా ఆరబెట్టి, రాగీ తగరమూ కరిగించి పోసి, చల్లారాక గొట్టాన్ని తొలవడం. అచ్చులో తడి మిగిలితే లోహంలో బుడగలు పడతాయి. అలాంటి తోపు శత్రువు కంటే ముందు తన గోలందాజునే బలి తీసుకుంటుంది. ఇంత నేర్పు కావలసిన పని మన గడ్డ మీద సాగింది. దాన్ని మనం తగినంత తలచుకోవడం లేదన్నదే నా బాధ.

నేర్పుకు కొదవ లేదు గానీ, ఆ పటాలం లోపం మరోచోట ఉంది. సైన్యం జీతాలకు ప్రభువు జాగీర్లు రాసిచ్చాడు, అవి కూడా రేమండ్ చేతికే. తుపాకీ, జీతం, హుకుం అన్నీ ఒక్క మనిషి దగ్గరే ఉన్నాయి. ఆ మనిషి 1798 మార్చి 25న కన్నుమూశాడు. సెప్టెంబరు 1న నిజాం ఇంగ్లీషువాళ్లతో సైన్య సహకార సంధి చేసుకున్నాడు. ఆ సంధి ప్రకారం గుంటూరు వైపు నుంచి వాళ్ల సిపాయిలు కదిలారు. కృష్ణ దాటి హైదరాబాదు చేరాలంటే మన నల్లగొండ సీమ గుండానే పోవాలి. అక్టోబరులో రేమండ్ పటాలాన్ని చుట్టుముట్టారు. జీతం బకాయిల కోసం ఆ పటాలం సిపాయిలు అప్పటికే తమ కొత్త నాయకుడు పిరోన్‌ను నిర్బంధించి ఉన్నారు. తుపాకీ పేలకుండానే ఆయుధాలు దించేశారు.

ద్రోహం చేశారని సిపాయిలను నిందించడం నాకు న్యాయంగా తోచదు. జీతం రాని సిపాయి ఎవరి కోసం నిలబడాలి? కార్ఖానానూ ఖజానానూ రాజ్యం తన సొంతం చేసుకుని ఉంటే, దొర పోయినా పటాలం నిలిచేది.

చివరికి చెల్లించిన మూల్యం పెద్దదే. కొత్తగా వచ్చిన ఇంగ్లీషు సైన్యం ఖర్చు కింద 1800 సంధిలో నిజాం, మైసూరు యుద్ధాల్లో తనకు దక్కిన బళ్ళారి, కడప ప్రాంతాలను ఇంగ్లీషు కుంపిణీకి రాసిచ్చాడు. దత్తమండలాలని మనం పిలిచేది వాటినే.