మూగవోయిన యంత్రము, చెడని పాట



ఇంటిలోని పాత కంప్యూటరు పాట పలుకుట మానినచో, సాధారణముగా మనము రెండు మాటలు విందుము. "దాని కాలము తీరినది" అనునది మొదటిది. "పాతసామానులవాని కిచ్చివేయుడు" అనునది రెండవది. ఈ రెండు మాటలకును నడుమ చేయవలసిన పని కొంత కలదు. దానిని గూర్చియే నేడు ముచ్చటింపదలచితిని.

కంప్యూటరులో సంగీతమును వరుసగా కూర్చి నిలుపు సాధనమును సీక్వెన్సరు అందురు. ఇది ధ్వనిని దాచునది కాదు, ఆజ్ఞలను దాచునది. ఏ స్వరమును ఎప్పుడు మీటవలెను, ఎంత బలముగా మీటవలెను, ఎప్పుడు విడువవలెను అనునవియే అందు ముఖ్యముగా వ్రాయబడి యుండును. మన స్వరలిపి పుస్తకము వంటిదే ఇదియును. పుస్తకము తానై పాడదు. దానిని చూచి గాయకుడు పాడును. ఇచ్చట గాయకుడనగా తీగెతో తగిలించిన కీబోర్డు గాని, కంప్యూటరు లోపలనే యుండు ధ్వనికల్పన భాగము గాని యని తెలియవలెను. కావున ధ్వని వినబడనంత మాత్రమున పాట నశించెనని తలపరాదు. గాయకునకు కబురు అందకపోయి యుండవచ్చును.

ఆ కబురు పంపు పద్ధతికి మిడి యని పేరు. 1983వ సంవత్సరము జనవరిలో అమెరికాలో జరిగిన వాద్యముల ప్రదర్శనయందు, రెండు వేర్వేరు సంస్థల కీబోర్డులను తీగెతో కలిపి, ఒకదానిని మీటగా రెండవది పలుకునట్లు చూపిరి. జపానువాడైన ఇకుటారో కాకెహాషియు, అమెరికావాడైన డేవ్ స్మిత్తును ఈ పద్ధతికి మూలపురుషులు. ఆ తీగెపై సెకనుకు 31,250 బిట్లు నడచును. ఒక స్వరమును పలికించు ఆజ్ఞకు 30 బిట్లు పట్టును; అనగా సెకనులో సుమారు వేయవవంతు కాలము చాలును. ఒక్క తీగెలోనే 16 చానళ్లు ఇమిడియుండును. 1991లో ఏర్పడిన నియమము ననుసరించి వానిలో పదవది తాళవాద్యములది. రాగము పలుకవలసినచోట డప్పుల మ్రోత వినబడినచో యంత్రము చెడినదనుకొనక, పాట పదవ చానలులో పడినదేమో యని చూడవలెను.

మా గ్రామమున భజనలకు హార్మోనియము వాయించు మిత్రుడొకడు నాకుండెను. బడిపిల్లల ప్రార్థనగీతములకును, భజనపాటలకును ఆయన స్వయముగా వరుసలు కట్టి, నలుబది దాక తన కంప్యూటరులో నిలిపెను. కాగితముపై ఒక్కటియు వ్రాయలేదు. ఆయన గతించిన కొన్నాళ్లకు ఆ యంత్రము మూగవోయినది. తెరపై పాట నడచుచున్నట్లు కనబడును. కీబోర్డు మాత్రము పలుకదు. "మాస్టరుగారూ, ఇది యిక పనికిరాదండీ, రేపు పాతసామానులవాడు వచ్చుచున్నాడు" అని వారి కుమారుడు నాతో చెప్పెను. అతడు నా పూర్వవిద్యార్థి. "నాయనా, రెండు దినములు ఆగుము" అంటిని. ఆ యంత్రమున నున్నది విండోస్ 98. దానికి తయారుచేసినవారి సహాయము 2006లోనే ఆగిపోయినది. యంత్రశాస్త్రము నేను చదువలేదు గాని, గురువులయొద్ద కొంత తర్కము చదివితిని. అదియే అక్కరకు వచ్చినది.

మొదట మరమ్మతు జోలికి పోలేదు. పాటలను వేఱొకచోట పదిలపరచుటయే మొదటి పని యని అతనికి చెప్పితిని. పాత డిస్కు ఏ క్షణమున ఆగునో యెవరెఱుగుదురు? ఆజ్ఞలు మాత్రమే గనుక ఒక్కొక్క పాట మిక్కిలి చిన్నది. నలుబదియు ఒక్క ఫ్లాపీలో పట్టినవి. ఒకటి చాలదని రెండు ఫ్లాపీలలో ఎక్కించితిమి. మఱియొక జాగ్రత్త కూడ అవసరము. ప్రతి సీక్వెన్సరునకును సొంతముగా దాచుకొను తీరొకటి యుండును. దానిని ఇతర సాధనములు చదువలేకపోవచ్చును. కావున అన్నింటికిని సామాన్యమైన మిడి ఫైలుగా కూడ ప్రతి పాటను దాచవలెను.

తరువాత అన్వయవ్యతిరేకములతో పరీక్షించితిమి. ఏది యున్నచో కార్యము కలుగుచున్నది, ఏది లేనిచో కలుగకున్నది యని ఒక్కొక్కదానినే మార్చి చూచుట ఈ పద్ధతి. రెండింటిని ఒక్కసారి మార్చినచో దోషమెచ్చటిదో తెలియదు. కీబోర్డును విడిగా మీటగా పలికినది. గాయకుని కంఠము బాగుగనే యున్నది. పాటను కీబోర్డునకు బదులుగా కంప్యూటరులోని ధ్వనికల్పనకు పంపగా అదియు పలికినది; పాటయు, సీక్వెన్సరును బాగుగనే యున్నవి. ఇక మిగిలినది నడుమనున్న దారి. తీగెను వేఱొక యంత్రమునకు తగిలించి చూడగా అదియు నిర్దోషమని తేలినది. అప్పుడు సీక్వెన్సరులోని ద్వారముల పట్టికను చూచితిమి. వెలుపలికి కబురు పంపు మిడి ద్వారము పేరే అందు లేదు!

కారణమును గడియారము చూపినది. తెరమూలనున్న తేదీ ఎన్నో యేండ్లు వెనుకకు పోయియున్నది. విద్యుత్తు లేనప్పుడు కాలమును, యంత్రము మూల ఏర్పాట్లను నిలుపుటకు లోపల రూపాయి బిళ్ల వంటి 3 వోల్టుల బ్యాటరీ యుండును. అది నీరసించగా ఏర్పాట్లన్నియు మొదటి స్థితికి పోయినవి. ఆ మొదటి స్థితిలో ఆ యంత్రమునకు మిడి ద్వారము మూసియుండును. విద్యుత్తీగెను పూర్తిగా ఊడదీసి, గడియారముల దుకాణమున కొన్న బ్యాటరీని అమర్చితిమి. మూల ఏర్పాట్లలో ద్వారమును తెరచి, సీక్వెన్సరులో దానిని మరల ఎన్నుకొంటిమి. పాట పలికినది. లోపలి గదిలోనున్న మిత్రుని ఇల్లాలు వచ్చి గుమ్మమునొద్ద నిలిచి, పాట ముగియువఱకు కదలలేదు.

ఇట్టి యంత్రములలో తఱచుగా కలుగు చిక్కులు మఱి రెండు కలవు. స్వరమొకటి ఆగక మ్రోగుచున్నచో, విడువుమను ఆజ్ఞ దారిలో తప్పినదని యర్థము; అన్ని స్వరములను ఆపుమను ఆజ్ఞ పంపినచో సాధారణముగా ఆగును. మీటిన కొంతసేపటికి ధ్వని వచ్చుచున్నచో, కంప్యూటరు ధ్వనిని ముందుగా పెద్ద మూటలుగా కట్టి పంపుచున్నదని యర్థము. సెకనుకు 44,100 నమూనాల లెక్కన 4,410 నమూనాల మూట కట్టినచో సెకనులో పదవవంతు ఆలస్యమగును. మూటను చిన్నది చేసినచో ఆలస్యము తగ్గును; మఱీ చిన్నదైనచో పాతయంత్రము అందుకొనలేక చిటపటలాడును. నడుమ నొక కొలతను చూచుకొనవలెను.

మన సంగీతమునకు సంబంధించి ఒక్క హెచ్చరిక. గమకములు స్వరమును వంచు ఆజ్ఞలచే నడచును. ఆ వంపు ఎంతవఱకు అనునది పలుకు వాద్యము ఏర్పాటుపై ఆధారపడును. ఒకచోట పండ్రెండు స్వరస్థానముల మేర వంగినది, వేఱొకచోట రెండింటితోనే ఆగవచ్చును. అప్పుడు రాగము రూపు మారిపోవును. కావున ఆజ్ఞలను మాత్రమే దాచిన చాలదు. సరిగా పలుకుచున్నప్పుడే ఆ ధ్వనిని కూడ రికార్డు చేసి యుంచుకొనవలెను. నలుబది పాటలకును మేమట్లే చేసితిమి. ఇప్పుడు బడిలో ఉదయప్రార్థన ఆ వరుసలతోనే జరుగుచున్నది.

మీ యిండ్లలో అటకలపై ఇట్టి యంత్రములున్నచో, వానిని ఇచ్చివేయుటకు ముందు అందేమున్నదో అడుగుడు. పిల్లలకు తీరిక లేనిచో, తెలిసినవారిని పిలిచి ఒక్క పూట కూర్చుండుడు. మొదట ప్రతి తీయుడు. పిదప ఒక్కొక్కటిగా పరీక్షింపుడు. అప్పటికిని పలుకకున్నచో యంత్రమును విడువవచ్చును. పాటలు మీయొద్దనే యుండును.

సెలవు.